ఇంకో గాడి

ఆ షెడ్డులో దగ్గని మనిషి లేడు. రంపం ఆడినంతసేపూ పొట్టు గాల్లో తేలుతూనే ఉంటుంది. అది లోపలికి పోకుండా ఉండాలంటే ముక్కు ఇంట్లో పెట్టి రావాలి. అందుకే అక్కడ ఎవరి దగ్గు వాళ్ళకి ఇంటిపేరులాంటిది. పాలిష్ బాబాయిది గొలుసు దగ్గు, మొదలైతే చేతిలో టీ చల్లారేదాకా ఆగదు. పెద్దమేస్త్రిది పొడి దగ్గు, ఉలి మీద సుత్తి వేసినట్టు రెండే దెబ్బలు. ఆయన ఇంకా గేటు దగ్గర ఉండగానే ఆ రెండు దెబ్బలూ విని లోపలివాళ్ళు కబుర్లు కట్టిపెట్టి పనిలో పడేవాళ్ళు.

షెడ్డు పెద్దమేస్త్రిది. ఆయన పక్కన రంపం పట్టేది ఆయన కూతురు. ఆమెకి చిన్నమేస్త్రి అని పేరు పెట్టింది పాలిష్ బాబాయే. ఆడపిల్ల ఉలి పట్టడమేమిటని వెక్కిరింతకి పెట్టాడు. రానురాను వెక్కిరింత అరిగిపోయి పేరు మిగిలింది. ఇప్పుడు వీధిలో ఎవరింట్లో తలుపు కిర్రుమన్నా ముందు కబురు వెళ్ళేది ఆమెకే.

అయినా తండ్రి నోట ఆమె విన్న మెచ్చుకోలు ఒక్కటే, "ఫర్వాలేదు." అదీ ఎప్పుడో ఆయన మనసు బాగున్నప్పుడు. "పెళ్ళిచూపుల్లో నన్ను చూసి కూడా అదే అన్నారు మీ నాన్న. ఇరవై ఏళ్ళు పోయాక గాని అది మెచ్చుకోలని నాకు తెలీలేదు," అని తల్లి దెప్పేది. ఆయన మాటల్లో పిసినారి. ఖర్చుపెట్టిన మాటని మాత్రం వెనక్కి తీసుకోడు. ఒకసారి ఒక దుంగని చూసి "బీరువాకి పనికొస్తుంది" అన్నాడు. తీరా కోస్తే లోపలంతా ముడులు. రెండు ఉలులు విరిగినా, చేతులు బొబ్బలెక్కినా ఆ కలపతోనే బీరువా పూర్తిచేశాడు గాని, పొరపడ్డానని అనలేదు. అందరూ దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఇలాంటి గొప్పలు ఎక్కడికి తీసుకెళ్తాయో చెప్పుకునేవాళ్ళకి తెలియదు.

ఆయన దగ్గు మారింది. రెండు దెబ్బలు నాలుగయ్యాయి, నాలుగు లెక్కలేనన్ని అయ్యాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ బల్లల మీద నడుం వాల్చేవాళ్ళు. ఆయన వాల్చిన మరుక్షణం దగ్గు తెరలుతెరలుగా వచ్చేది. లేచి కూర్చుంటే తగ్గేది. మళ్ళీ వాలితే మళ్ళీ వచ్చేది. కాళ్ళ మడమలు ఉబ్బి చెప్పుల పట్టీలు బిగిశాయి. ఆయన పట్టీకి ఇంకో బెజ్జం పొడుచుకుని, "నిలబడి చేసే పని, వాపు రాక ఏమొస్తుంది" అన్నాడు. చెక్క పలక భుజాన పెట్టుకుని నడుస్తూ సగం దారిలో ఆగిపోయేవాడు. ఆగినట్టు ఉండకూడదని పలకని కిందికి దించి, ఒక కన్ను మూసి, వంపు ఉందేమోనని దాని పొడవునా చూసేవాడు. ఎదురుగా చూస్తున్న చిన్నమేస్త్రికి ఎప్పుడూ అనుమానం రాలేదు. కలప విషయంలో ఆయనకి అంత పట్టింపు అనుకుంది.

తప్పంతా పొట్టు మీదికి పోయింది. ఆ షెడ్డులో ఏ రోగమొచ్చినా పాపాల భైరవుడు పొట్టే. వీధి చివరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన నాడి కూడా చూడకుండా, "ఏం పని చేస్తారు?" అన్నాడు.

"వడ్రంగం."

"ఇంకేం మరి," అన్నాడు డాక్టరు, అప్పటికే సిరప్పు పేరు రాసేస్తూ. స్టెతస్కోపు ఆయన మెడలో గొలుసులా ఊరికే వేలాడుతూ ఉండిపోయింది. ఆయన్ని ఒక్కణ్ణే అని ఏం లాభం. వడ్రంగికి దగ్గొస్తే అది పొట్టు దగ్గేనని ఆ వీధిలో అందరికీ కొట్టినపిండి. తెలియని సంగతి కంటే తెలుసనుకున్న సంగతే మనిషిని ఎక్కువ ముంచుతుంది.

చిన్నమేస్త్రి చేతులు కట్టుకుని కూర్చోలేదు. షెడ్డు నేల రోజూ తడిపింది. కిటికీకి తడిగుడ్డ కట్టింది. తండ్రికి ముక్కుగుడ్డ కుట్టించింది. ఆయన దాన్ని గడ్డానికి తగిలించుకుని తిరిగేవాడు. చివరికి, "నువ్వు రంపం దగ్గరికి రాకు నాన్నా, బయట కూర్చుని కొలతలు చెప్పు, కోసేది మేం కోస్తాం," అని ఆయన్ని గుమ్మం పక్కన కూర్చోబెట్టింది. దగ్గు కొంచెం నెమ్మదించింది. బరువులు మోయడం మానడంతో గుండెకి కాస్త తెరిపి దొరికిందనీ, దగ్గు నెమ్మదించింది అందుకేననీ ఎవరికి తెలుసు? పొట్టుకి దూరంగా ఉన్నందుకే తగ్గిందని షెడ్డు షెడ్డంతా తీర్మానించేసింది. "నే చెప్పలా?" అని చిన్నమేస్త్రి కూడా ఒకటి రెండుసార్లు అంది.

పడుకుంటే వచ్చే దగ్గు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆయన ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చుని నిద్రపోవడం మొదలుపెట్టాడు. పొద్దున్నే మెడ పట్టేసి, తల ఒక పక్కకే తిరిగేది. చూసి చూసి ఒకరోజు కూతురు అంది, "నాన్నా, నీకొక కుర్చీ చేస్తాను."

వడ్రంగి ఇంట్లో మనిషికి పడుకోవడం చేతకాకపోతే ఏం చేస్తారు? డాక్టరు ఇంట్లోనైతే గుండె చూస్తారేమో. వీళ్ళు కుర్చీ చేశారు.

దాచిపెట్టిన పాత టేకు తీసి, ఒక్క మేకు లేకుండా చెక్కలో చెక్క దిగేట్టు అతుకులు పెట్టింది. వెనక వాలుబల్ల కిందికీ మీదికీ కదిలేట్టు చేసింది. రెండు పక్కలా పొడుగాటి పట్టీలు బిగించి, వాటిలో గాడులు కోసింది. వాలుబల్ల వెనకున్న కర్రకడ్డీ ఏ గాడిలో పడితే బల్ల అక్కడ ఆగుతుంది. కింది గాడిలో వేస్తే దాదాపు పడుకున్నట్టే. మధ్యది సగం వాలు. మీదిది కూర్చున్నట్టు. మూడు గాడులు చాలనుకుంది.

పెద్దమేస్త్రి వచ్చి కుర్చీ చుట్టూ తిరిగాడు. అతుకుల మీద బొటనవేలితో రాశాడు. కడ్డీ ఎత్తి గాడిలో వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. కూర్చున్నాడు. వెనక్కి వాలాడు. కళ్ళు మూసుకున్నాడు. షెడ్డులో రంపాలు ఆగిపోయాయి.

"బాగుంది," అన్నాడు.

పాలిష్ బాబాయి చేతిలో గుడ్డ జారి డబ్బాలో పడింది. చిన్నమేస్త్రి ఏదో పనున్నదానిలా కలప దొంతర వెనక్కి వెళ్ళి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంత సంతోషం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక లేదు. ఆ మాటకోసమే ఇన్నాళ్ళూ రంపం పట్టానని ఆ క్షణంలో తెలిసింది.

కుర్చీని షెడ్డులోనే వేయించుకుని, రాత్రులు కూడా ఆయన అందులోనే నిద్రపోయాడు. దగ్గు లేకుండా, ఒళ్ళు మరిచి, గురకపెట్టి నిద్రపోయాడు. తల్లి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది, ఏ మందుకీ లొంగని దగ్గు మా అమ్మాయి కుర్చీకి లొంగిందని. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్దామన్న మాటే ఇంట్లో లేకుండా పోయింది. హాయిగా ఉన్నవాణ్ణి ఎవరు తీసుకెళ్తారు?

కొన్నాళ్ళకి ఆయన కింది గాడి మాని మధ్య గాడికి మారాడు. ఇంకొన్నాళ్ళకి మీది గాడికి. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం చెవి వెనక పెన్సిల్ తీసి, పట్టీ మీద, మూడో గాడికి పైన, ఒక గీత గీశాడు.

"ఇంకో గాడి కొయ్యమ్మా. కాస్త నిటారుగా ఉంటే బాగుంటుంది."

అడిగిందే తడవుగా కోసిపెట్టింది. తన కుర్చీని తండ్రి ఇంకా మెరుగుపరుస్తున్నాడనే అనుకుంది. మంచి పనికి మెరుగు ఎప్పుడూ అయిపోదని ఆయనే కదా నేర్పింది. వానలు తగ్గాక ఇంకో గీత. ఇంకో గాడి. పొట్టు ఊది, అంచులకి గరుకు కాగితం పట్టి, కడ్డీ నునుపుగా పడుతోందో లేదో రెండుసార్లు చూసుకునేది. ఆ గాడులన్నీ ఆమె చేత్తోనే కోసింది. తర్వాత ఆమెని పట్టి పీడించింది అదే.

కుర్చీ పేరు వీధి దాటింది. రెండు వీధుల అవతల కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ వచ్చి, "మా అత్తగారికీ ఇదే బాధ. పక్క మీద వాలితే చాలు దగ్గు. ఇలాంటిదే ఒకటి చేసిపెట్టు చెల్లీ," అని అడిగింది. చిన్నమేస్త్రి ఒప్పుకుంది. కాళ్ళూ చట్రం అయ్యాయి. పట్టీల మీద గాడుల కొలతలు మాత్రం నేనే గీస్తానని పెద్దమేస్త్రి పట్టుబట్టాడు. ఒళ్ళో పట్టీ పెట్టుకుని, మధ్యమధ్య ఊపిరి తీసుకోడానికి ఆగుతూ, మూలమట్టం ఆనించి గీతలు గీశాడు. రెండో పట్టీ కూడా గీసి కూతురికి అందిస్తుండగా దగ్గు వచ్చింది.

ఈసారి అది ఆగలేదు. మొహం నల్లబడింది. నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు తీస్తే దాని మీద నురగ, ఆ నురగలో లేత ఎరుపు. పాలిష్ బాబాయి రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపాడు.

పెద్దాసుపత్రిలో ఆయన మొహానికి ఆక్సిజన్ పెట్టి, మందులు ఎక్కించి, కాస్త తేరుకున్నాక ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, నెమ్మది మనిషి. పొట్టు గురించి వీళ్ళు చెప్పిందంతా విని, వేరే ప్రశ్న అడిగింది.

"పడుకునేటప్పుడు తలకింద ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు?"

తల్లి మొహం ఆ కంగారులోనూ కాస్త విప్పారింది. "దిండ్ల అవసరమే లేదమ్మా. మా అమ్మాయి కుర్చీ చేసిపెట్టింది. అందులోనే పడుకుంటారు. గాడి మారిస్తే ఎంత కావాలంటే అంత పైకి లేస్తుంది."

"మొదట్లో ఎంత వాలుగా పడుకునేవారు? ఇప్పుడెంత?" అంది డాక్టరమ్మ.

చిన్నమేస్త్రి చెయ్యి వాల్చి చూపించింది. ఇది మొదటి గాడి. ఇది రెండోది. ఇది మూడు. చెయ్యి ఒక్కో మెట్టూ లేస్తుంటే డాక్టరమ్మ దాన్నే చూస్తూ ఉంది. చెయ్యి నిటారుగా నిలబడ్డాక చిన్నమేస్త్రికి ఏదో అర్థం కావడం మొదలై, చెయ్యి దింపడం మరిచిపోయింది.

డాక్టరమ్మ ఆమెని వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది. ఇది పొట్టు దగ్గు కాదు. గుండెలో రక్తం ఒకవైపే పోయేట్టు చిన్న చిన్న తలుపులుంటాయి. మీ నాన్నగారికి ఎడమవైపు తలుపు సరిగ్గా మూసుకోవడం లేదు. ముందుకు పోవాల్సిన రక్తం వెనక్కి తంతోంది. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతోంది. పడుకుంటే ఆ నీరు పరుచుకుంటుంది, దగ్గొస్తుంది. కూర్చుంటే కిందికి దిగుతుంది, తెరిపిగా ఉంటుంది. కాళ్ళ వాపూ, నడుస్తూ ఆగిపోవడమూ దీనివే. నీరు పెరిగినకొద్దీ మనిషికి ఇంకా నిటారుగా ఉండాలనిపిస్తుంది.

"అంటే, గాడి మారినప్పుడల్లా..." అని చిన్నమేస్త్రి నీళ్ళు నమిలింది.

"ఔను," అంది డాక్టరమ్మ. "మొదటి గాడి రోజుల్లో వచ్చుంటే ఆపరేషన్ చేసి తలుపు బాగుచేసేవాళ్ళం. ఇప్పుడు గుండె కండరమే అలిసిపోయింది. మందులతో బాధ లేకుండా చూస్తాం. అంతకంటే ఎక్కువ ఆశ పెట్టలేను," అంది.

చిన్నమేస్త్రి అక్కడే గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమనేది ఎన్నోసార్లు విన్న మాటే. ఆ కాల్చుకున్న చేతులు తనవే అయితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. తండ్రికి సుఖమని కోసిన ప్రతి గాడీ ఆయన్ని డాక్టరుకి దూరంగా కూర్చోబెట్టింది.

సంగతి పెద్దమేస్త్రికి చెప్పారు. "తలుపు సరిగ్గా పడట్లేదన్నమాట. ఇన్ని తలుపులు బిగించాను, లోపలి తలుపు సంగతి చూసుకోలేదు. అమ్మాయ్, చిత్రిక తెచ్చావా?" అన్నాడు. తల్లి నవ్వబోయి ఏడ్చింది.

ఆసుపత్రి మంచానికి పక్కన ఒక పిడి ఉంది, తిప్పితే తలవైపు లేస్తుంది. తండ్రికి ఊపిరి అందనప్పుడల్లా చిన్నమేస్త్రి దాన్ని తిప్పేది. మూడో రోజు మధ్యాహ్నం తల్లి భోజనానికి వెళ్ళినప్పుడు, పిడి పట్టుకునే ఆమె అంది, "నాన్నా, నేను ఆ కుర్చీ చెయ్యకుండా ఉండాల్సింది."

ఆయన ముఖం మీది గొట్టం కాస్త పక్కకి జరిపాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరికోసం ఆగుతూ మాట్లాడాడు.

"నాలుగో గాడి దగ్గరే అది పనిచెయ్యడం మానేసిందే. నీకు తెలీదు."

"మానెయ్యడమేమిటి? నువ్వు దగ్గేవాడివే కాదుగా."

"నీ ముందు దగ్గేవాణ్ణి కాదు. నువ్వు వస్తున్నావంటే లేచి కలప దొంతర వెనక్కి పోయి, అంతా అక్కడే దగ్గేసి వచ్చి కూర్చునేవాణ్ణి. బాబాయి చూశాడొకసారి. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా."

"ఎందుకు నాన్నా? ఎందుకలా చేశావు?"

ఆయన కూతురి వైపు చూడలేదు. మంచం పిడి వైపు చూశాడు. "బాగుందని అన్నాను కదా. నీ మొహం ఎలా వెలిగిపోయిందో చూశాను. ఇన్నేళ్ళకి ఒక్కసారి అన్నాను. దాన్ని ఎలా వెనక్కి తీసుకోను?"

ఒక్క మెచ్చుకోలుకోసం ఆమె జన్మంతా కాచుకుంది. అది దొరికింది. అది నిలబడాలని ఆయన దగ్గు మింగుతూ, నీటిలో మునుగుతూ కూర్చున్నాడు. కోపం వచ్చింది ఆమెకి, చెప్పలేనంత కోపం. అంతకు పదింతలు ప్రేమ వచ్చింది. ఏది ముందు చెప్పాలో తెలియక ఆయన ఉబ్బిన పాదాలు ఒళ్ళోకి తీసుకుని వాటి మీద మొహం పెట్టుకుంది.

"ఏడవకు. కుర్చీ బాగానే ఉంది. మనిషే బాగోలేదు," అన్నాడు ఆయన.

మరి రెండు రోజులకి ఆయన పోయాడు. మంచం తలవైపు పూర్తిగా లేపి ఉంది. పిడి ఇంకా తిప్పడానికి లేదు.

కర్మకాండలన్నీ అయ్యాయి. పాలిష్ బాబాయి చిన్నమేస్త్రి మొహం చూడలేక తప్పించుకు తిరిగాడు. ఒకరోజు ఆమే అతని దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంది. "ఒట్టు వేశానే తల్లీ," అన్నాడు. "తెలుసు బాబాయ్," అంది. అతని గొలుసు దగ్గు రాగానే ఆమె ఉలిక్కిపడి, "పడుకుంటే ఎక్కువవుతుందా?" అని అడిగింది. కాదన్నాడు. మళ్ళీ అడిగింది. అయినా పొట్టు దగ్గని ఊరుకోలేదు, వెంటబెట్టుకుని అతనికీ ఎక్స్‌రే తీయించింది.

షెడ్డు తెరిచిన వారానికి టైలరమ్మ వచ్చింది. పరామర్శ చేసింది, కళ్ళు తుడుచుకుంది, కాసేపు మొహమాటపడింది. "ఇలాంటప్పుడు అడగకూడదు గాని చెల్లీ, మా అత్తగారి కుర్చీ... ఆవిడ గోడకి ఆనుకునే పడుకుంటోంది. మీ నాన్నగారికి అందులో ఎంత హాయిగా ఉండేదో కళ్ళారా చూశాం కదా."

"హాయిగానే ఉండేదక్కా," అంది చిన్నమేస్త్రి. "ఆ హాయే ఆయన్ని తీసుకుపోయింది."

టైలరమ్మ అర్థం కానట్టు చూసింది. చిన్నమేస్త్రి చెప్పులు వేసుకుంది. "పద. మీ అత్తగారిని గుండె డాక్టరుకి చూపిద్దాం. నేనూ వస్తాను."

"దగ్గుకి గుండె డాక్టరేమిటి? ఆవిడకి గుండెలో నొప్పి కూడా లేదు."

"మా నాన్నకీ లేదు. అక్కడ దిండ్లెన్ని అని అడుగుతారు. గోడ సంగతి చెప్పు. దాచకుండా చెప్పు."

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి పాలిష్ బాబాయి షెడ్డు సర్దుతున్నాడు. టైలరమ్మ కుర్చీ చట్రం అలాగే నిలబడి ఉంది. దాని పక్కన రెండు పట్టీలున్నాయి. వాటి మీద పెన్సిల్ గీతలు, ఒకదానికొకటి సమదూరంలో, వెంట్రుకవాసి తేడా లేకుండా. పైకి పోయినకొద్దీ మాత్రం చెయ్యి వణికి గీత చివర్లు కాస్త కిందికి జారాయి. ఆయన చేతి ఆఖరి పని అదే.

"ముసలావిడ కుర్చీ ఏం చేద్దాం?" అన్నాడు బాబాయి.

"రేపు గుండెకి ఎకో పరీక్ష చేస్తామన్నారు. ముందు వైద్యం. కుర్చీ తర్వాత చూద్దాం."

"మరి ఈ పట్టీలు? మంచి టేకు. గీతలు చిత్రిక పట్టేస్తే వేరే దేనికైనా పనికొస్తాయి."

చిన్నమేస్త్రి పట్టీ చేతిలోకి తీసుకుంది. గీతల మీద బొటనవేలు ఆనించబోయి, చెరిగిపోతాయని తీసేసింది.

"వద్దు బాబాయ్. కొయ్యొద్దు, చిత్రికా పట్టొద్దు," అంది. "బాగున్నాయి."

పట్టీల్ని గుడ్డలో చుట్టి, తండ్రి ఉలులు పెట్టుకునే పెట్టెలో పెట్టి మూత వేసింది.